బోర్డు మీద బ్లోయర్ పెట్టే ముందు

ప్రశ్న: అన్నా, నాది జడ్చర్లలో చిన్న మొబైల్ షాపు. డిస్‌ప్లేలు, బ్యాటరీలు, ఛార్జింగ్ పిన్నులు మారుస్తా. బోర్డు పని ఈమధ్యే నేర్చుకుంటున్నా. మా బావ ఫోను మూడేళ్ల కిందటిది, స్నాప్‌డ్రాగన్ సెట్టు. మొన్న ఊళ్లో సిగ్నల్ అంతంత మాత్రంగా ఉన్నచోట ఛార్జింగ్ పెట్టి, హాట్‌స్పాట్ ఆన్ చేసి, పరుపు మీద వదిలేశారు. కాసేపాగి చూస్తే వెనకవైపు చెయ్యి పెట్టలేనంత వేడి, ఫోను ఆఫ్. అప్పట్నుంచి డెడ్. లోగో లేదు, వైబ్రేషన్ లేదు, కంప్యూటర్‌కి పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. బ్యాటరీ విడిగా 3.9 వోల్టులు చూపిస్తోంది. బ్యాటరీ బదులు కరెంటిచ్చే డీసీ మెషిన్ క్లిప్పులు బోర్డుకు పెట్టగానే, పవర్ బటన్ నొక్కకముందే, ఒకటిన్నర ఆంపియర్ దాకా లాగేస్తోంది. పట్నంలో ఒకాయన చూసి సీపీయూ పోయింది, రీబాలింగ్ చెయ్యాలి, అంటే దాన్ని ఊడదీసి కింద సోల్డర్ బంతులు కొత్తవి వేసి అతికించాలి, డేటాకి గ్యారంటీ లేదన్నాడు. సీపీయూ మీద బ్లోయర్ వేడిగాలితో 400 డిగ్రీల హీట్ కొడితే లేస్తుందని వీడియోల్లో చూపిస్తున్నారు. మా అక్క కూతురు పుట్టినప్పటి నుంచి తీసిన ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి, బ్యాకప్ లేదంటున్నారు. నేనే హీట్ కొట్టి చూడనా?

సమాధానం: తమ్ముడూ, హీట్ కొట్టకు. బ్లోయర్ ప్లగ్ తీసేసి, మిగతాది తీరిగ్గా చదువు. నువ్వు రాసిన లక్షణాలన్నిటిలోకీ విలువైనది ఒకటుంది: బటన్ నొక్కకముందే ఆంపియర్ లాగుతోందన్నావు చూడు, అది. సీపీయూ మీద వేసిన నింద ఆ ఒక్క రీడింగుతోనే చాలావరకు పోతుంది.

ఎందుకంటే, బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు నేరుగా సీపీయూకి వెళ్లదు. ముందు వీబ్యాట్ లైను, అంటే బ్యాటరీ ప్లస్ నుంచి వచ్చే లైను. అక్కడి నుంచి ఛార్జింగ్ ఐసీలో ఉండే స్విచ్ దాటి మెయిన్ లైనుకు వస్తుంది. స్నాప్‌డ్రాగన్ సెట్ల డయాగ్రాముల్లో దీన్ని వీపీహెచ్ పవర్ అని, మీడియాటెక్ వాటిలో వీసిస్ అని రాస్తారు. ఈ మెయిన్ లైను మీద పవర్ ఐసీ కూర్చుని, బటన్ నొక్కాక మాత్రమే, కాయిల్స్ గుండా సీపీయూకి ఒక వోల్టు లోపు, మిగతా వాటికి 1.1, 1.8 ఇలా చిన్నచిన్న సప్లైలు తయారుచేసి పంపిస్తుంది. సీపీయూ లోపల షార్ట్ అయ్యుంటే ఆ చిన్న లైన్లలోనే అవుతుంది. బటన్ నొక్కేదాకా ఆ లైన్లకు కరెంటే రాదు, కాబట్టి నీ డీసీ మెషిన్ ముల్లు కదలకూడదు. క్లిప్పు పెట్టగానే లాగుతోందంటే తప్పు వీబ్యాట్ మీదో, మెయిన్ లైను మీదో నేరుగా తగిలి ఉన్న దేనిలోనో ఉంది. పట్నంలో నువ్వు కలిసినాయన ఈ కొలత చూసి కూడా సీపీయూ అన్నాడంటే ఆ మాట నమ్మి బోర్డు ఆయన చేతిలో పెట్టొద్దు.

మరి ఆ లైన్ల మీద నేరుగా ఉండేవేమిటి? అన్నిటికంటే ఎక్కువగా కెపాసిటర్లు, పదుల్లో ఉంటాయి. తర్వాత పవర్ ఐసీలు, ఛార్జింగ్ ఐసీ, డిస్‌ప్లే లైటు ఐసీ, స్పీకర్ ఆంప్లిఫయర్, ఫ్లాష్ డ్రైవర్, ఇంకా నెట్‌వర్క్ పీఏ, అంటే టవరుకు సిగ్నల్ పంపే పవర్ ఆంప్లిఫయర్. నీ కేసులో నాకు ఎక్కువ అనుమానం రెండింటి మీద: కెపాసిటర్, పీఏ. టవరు దూరంగా ఉంటే ఫోను తన సిగ్నల్ బలం పెంచుకుంటూ పోతుంది, ఆ భారమంతా పీఏ మీదే. దానికి తోడు హాట్‌స్పాట్, దానికి తోడు ఛార్జింగ్ వేడి, కింద గాలి ఆడని పరుపు. ఇన్ని ఒక్కసారి కలిస్తే అప్పటికే బలహీనంగా ఉన్న భాగం చేతులెత్తేస్తుంది. ఫోను ఎప్పుడో కిందపడి సన్నటి పగులు వచ్చిన కెపాసిటర్ కూడా ఇలాంటి రోజే షార్ట్ అవుతుంది. సిరామిక్ కెపాసిటర్ చెడిపోతే చాలాసార్లు ఓపెన్ కాదు, రెండు కొసలూ కలిసిపోయి షార్టే అవుతుంది.

ఇప్పుడు ఆ 400 డిగ్రీల సంగతి. ఈ సెట్లలో సీపీయూ ఒక్కటే ఉండదు, దాని నెత్తి మీద ర్యామ్ ఇంకో అంతస్తుగా అతికించి ఉంటుంది. రెండింటి మధ్యా, కిందా వందల కొద్దీ సోల్డర్ బంతులు, చాలా సెట్లలో చుట్టూ జిగురు. సీసం లేని సోల్డర్ 217 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. పైనుంచి హీట్ కొడితే ముందు కరిగేది ర్యామ్ కింది బంతులే. జిగురు వేడికి ఉబ్బి, కరిగిన సోల్డర్‌ని పక్కలకు నెట్టేస్తుంది, పక్కపక్క బంతులు కలిసిపోతాయి. అప్పటిదాకా బాగున్న సీపీయూ నీ చేతిలో పోతుంది. వీడియోల్లో లేచే ఫోన్ల మాట అబద్ధం కాదు. బంతుల్లో పగుళ్లు వచ్చిన సెట్టు వేడికి తాత్కాలికంగా అతుక్కుని కొన్నాళ్లు పనిచేస్తుంది. కానీ అది వేరే జబ్బు. ఆ జబ్బున్న సెట్టు బటన్ నొక్కకముందు ఒకటిన్నర ఆంపియర్ లాగదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. మీ అక్క కూతురి ఫోటోలు ఉన్నది మెమరీ ఐసీలో, నిజమే. కానీ ఆ ఐసీ పీకి ఇంకో బోర్డులో పెడితే ఫోటోలు వస్తాయనుకోకు. ఆండ్రాయిడ్ 10తో మొదలుపెట్టి కొత్తగా వచ్చే ప్రతి ఫోనులో ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటాయి, ఆ తాళం చెవి అదే సీపీయూతో, బావ పెట్టుకున్న పిన్ నంబరుతో ముడిపడి ఉంటుంది. సీపీయూ, మెమరీ రెండూ బతికి, అదే బోర్డు మీద లేచి, పిన్ కొడితేనే ఫోటోలు. అందుకే "మదర్‌బోర్డు మార్చి డేటా ఎక్కించి ఇస్తాం" అనే షాపుకు దూరంగా ఉండు. సాఫ్ట్‌వేర్ కొడితే లేస్తుందని ఎవరైనా అంటే అదీ వద్దు. ఫార్మాట్ అయితే ఆ తాళం చెవులు పోతాయి, తర్వాత బోర్డు ఎంత బాగుపడినా ఫోటోలు రావు.

కాబట్టి స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు బావ దగ్గర కూర్చుని రెండు పనులు చెయ్యి. మొదటిది, పిన్ గానీ ప్యాటర్న్ గానీ రాయించుకో. ఫోను మళ్లీ ఆన్ అయినప్పుడు మొదటిసారి వేలిముద్ర ఒప్పుకోదు, పిన్ అడుగుతుంది. రెండోది, ఆయన గూగుల్ అకౌంటుతో వేరే ఫోనులో ఫోటోస్ తెరిచి చూడు. బ్యాకప్ లేదని చెప్పేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఆన్ అయిన బ్యాకప్ సగం ఫోటోలైనా దాచి ఉంచుతుంది. కాకపోతే వాట్సాప్‌లో అమ్మమ్మకీ, నాయనమ్మకీ పంపినవి వాళ్ల ఫోన్లలో ఉంటాయి. అవన్నీ ముందు పోగుచేస్తే నీ చెయ్యి వణకకుండా పనిచేస్తుంది, ఇంట్లోవాళ్ల గాభరా కూడా కొంత తగ్గుతుంది.

ఇక బోర్డు సంగతికొద్దాం. డీసీ మెషిన్ క్లిప్పులు ఊరికే మళ్లీ మళ్లీ పెట్టి చూడొద్దు. నాలుగు వోల్టుల దగ్గర ఒకటిన్నర ఆంపియర్ అంటే ఆరు వాట్లు, అదంతా ఎక్కడో చిటికెనవేలి గోరంత చోట వేడిగా దిగుతోంది. ఎక్కువసేపు ఉంచితే భాగంతో పాటు కింద బోర్డు పొరలు కూడా మాడతాయి. బ్యాటరీ తీసి పక్కన పెట్టు. 3.9 చూపిస్తున్నా ఉబ్బిందేమో బల్ల మీద పెట్టి పక్కనుంచి చూడు. ఏమాత్రం ఉబ్బినా దాన్ని గుచ్చకుండా, వంచకుండా విడిగా ఉంచెయ్యి, మళ్లీ ఆ ఫోనుకు పెట్టొద్దు.

తర్వాత బోర్డుకు తగిలించిన ఫ్లెక్సులన్నీ, అంటే పట్టీల్లాంటి కనెక్షన్లన్నీ విప్పు. డిస్‌ప్లే, ఛార్జింగ్ బోర్డుకు పోయే పట్టీ, కెమెరాలు, ఫింగర్‌ప్రింట్, అన్నీ. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇది వదిలేసి బోర్డంతా గాలిస్తారు, తీరా చూస్తే షార్ట్ డిస్‌ప్లే ఫ్లెక్సులోనో, కింది ఛార్జింగ్ బోర్డులోనో ఉంటుంది. ఒక్కో ఫ్లెక్సు తీసినప్పుడల్లా కొలువు.

మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో పెట్టు. రెడ్ ప్రోబ్ గ్రౌండ్‌కి, బ్లాక్ ప్రోబ్ బ్యాటరీ కనెక్టర్ ప్లస్‌కి. అదే నీ వీబ్యాట్ జీఆర్, అంటే ఆ లైనుకూ గ్రౌండ్‌కూ మధ్య మీటర్ చూపే రీడింగ్. తర్వాత మెయిన్ లైను మీద ఏదైనా పెద్ద కెపాసిటర్ దగ్గర అదే కొలత. ఏ కెపాసిటర్ ఏ లైనుదో బోర్డు వ్యూ సాఫ్ట్‌వేర్లో మోడల్ తెరిస్తే కనిపిస్తుంది. బాగున్న సెట్లలో సాధారణంగా 300 నుంచి 500 మధ్య వస్తుంది. సున్నా, లేదా ఇరవై లోపు వస్తే ఫుల్ షార్ట్. వంద, నూట యాభై లాంటివి వస్తే హాఫ్ షార్ట్ అనుకో, కానీ ఇంకో మంచి బోర్డుతో పోల్చకుండా తీర్పు చెప్పకు. వీబ్యాట్, మెయిన్ లైను రెండూ వేరువేరుగా కొలవమనేది ఎందుకంటే, మధ్యలో ఛార్జింగ్ ఐసీ స్విచ్ ఉంది. సున్నా ఎటువైపు ఉందో తెలిస్తే వెతకాల్సిన చోటు సగం తగ్గిపోతుంది.

అక్కడితో ఆగకుండా ఓమ్స్‌లో కూడా చూడు. ముందు ప్రోబులు రెండూ ఒకదానికొకటి తాకించి తీగల ఓమ్స్ ఎంతో రాసుకో, దాన్ని తీసేసి లెక్కపెట్టు. ఒక ఓమ్ కంటే తక్కువొస్తే కెపాసిటర్ మీద అనుమానం పెరుగుతుంది. రెండు మూడు ఓములు, పదిహేను ఓములు ఇలా వస్తే ఐసీ లోపల పోయి ఉండే అవకాశం ఎక్కువ. ఇది సూచనే, రుజువు కాదు. నీ డీసీ మెషిన్ కూడా ఇదే చెబుతుంది: క్లిప్పు పెట్టగానే వోల్టేజ్ దబ్బున పడిపోయి ఒకటిన్నర దగ్గర లిమిట్ కొట్టిందా, లేక నాలుగు వోల్టులు నిలబడే ఒకటిన్నర లాగిందా? నువ్వు రాయలేదు. మొదటిదైతే కెపాసిటర్ లాంటి ఫుల్ షార్ట్, రెండోదైతే పీఏ లాంటి ఐసీ అనుకుని వెతకడం మొదలుపెట్టు.

మీటర్ తర్వాత కళ్లు. షీల్డులు, అంటే ఐసీల మీద ఉండే రేకు మూతలు, క్లిప్పువైతే మెల్లగా లేపు, సోల్డర్ చేసినవైతే ఇప్పుడే తియ్యకు. మైక్రోస్కోప్ కింద ఓపిగ్గా ఒక అంచు నుంచి ఇంకో అంచుకు చూసుకుంటూ పో. కెపాసిటర్ మధ్యలో సన్నటి నల్ల గీత, ఒక కొస దగ్గర గోధుమరంగు మచ్చ, ఐసీ మీద చిన్న బుడిపె లేదా సూది మొనంత గుంట, పక్కన ఆకుపచ్చ తుప్పు, వీటిలో ఏదైనా కనిపిస్తే సగం పని అయినట్టే. వెనకవైపు ఎక్కడ బాగా కాలిందో బావని అడుగు, ఆ చోటుకు ఎదురుగా బోర్డు మీద ఏముందో ముందు అక్కడే చూడు.

కంటికి ఏమీ దొరక్కపోతే అప్పుడు వోల్టేజ్ ఇంజెక్షన్. ఇక్కడ చాలామంది తొందరపడతారు. షార్ట్ ఉన్న లైను మీదే ఒక కెపాసిటర్ ప్లస్ కొసకు సన్న తీగ అతికించి, అక్కణ్నుంచి కరెంటివ్వు. బ్యాటరీ కనెక్టర్ నుంచి ఇస్తే కరెంటు ఛార్జింగ్ ఐసీ స్విచ్ గుండా పోతుంది, దారిలో అదీ వేడెక్కుతుంది, నువ్వు అదే దొంగ అనుకుని మంచి ఐసీని పీకేస్తావు. వేడెక్కిన ప్రతిదీ చెడిపోయింది కాదు, కరెంటుకు దారిచ్చినందుకు కూడా వేడెక్కుతుంది.

డీసీ మెషిన్ ఒక వోల్టు దగ్గర, కరెంటు లిమిట్ ఒక ఆంపియర్ దగ్గర పెట్టి మొదలుపెట్టు. ఫుల్ షార్ట్ అయితే అంతకే పట్టుబడుతుంది, లేదంటే రెండు ఆంపియర్ల దాకా పెంచు. హాఫ్ షార్ట్ అయితే ఒక వోల్టుకు పలకదు. ముప్పై ఓముల హాఫ్ షార్ట్‌కి నాలుగు వోల్టులిస్తేనే సుమారు అర వాటు వేడి వస్తుంది, ఒక వోల్టుకు ఏమీ తెలియదు. మెల్లమెల్లగా పెంచు, కానీ వీబ్యాట్, మెయిన్ లైన్లకు నాలుగు వోల్టులు దాటించకు. ఇది ఈ రెండు లైన్లకు మాత్రమే. సీపీయూ కోర్ లైను మీద పొరపాటున నాలుగు వోల్టులు పెట్టావా, అప్పుడు నిజంగానే సీపీయూ పోతుంది, ఫోటోలూ పోతాయి. తీగ అతికించిన కెపాసిటర్ ఏ లైనుదో బోర్డు వ్యూలో రెండోసారి సరిచూసుకున్నాకే స్విచ్ వెయ్యి.

వేడి ఎక్కడుందో చూడ్డానికి థర్మల్ కెమెరా ఉంటే సుఖం. లేకపోతే సోల్డరింగ్‌లో ఫ్లక్స్‌గా వాడే రోజిన్ చాలు. సోల్డరింగ్ ఐరన్ మొనతో రోజిన్ ముక్కను తాకితే తెల్లటి పొగ లేస్తుంది. ఆ పొగ బోర్డు మీద పడేలా పట్టుకుంటే భాగాల మీద పాల మీగడలా పలచటి తెల్ల పొర పేరుకుంటుంది. స్విచ్ వెయ్యగానే షార్ట్ అయిన భాగం మీద ఆ తెలుపు కరిగి, అక్కడొక్కచోటే నిగనిగలాడే చుక్క కనిపిస్తుంది. ఫుల్ షార్ట్ అయితే రెండు మూడు సెకన్లు కూడా పట్టదు. చుక్క పడగానే ఆపెయ్యి, ఎక్కువసేపు ఉంచితే పక్కవన్నీ కరిగి గందరగోళం అవుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు వేసి ఎక్కడ ముందు ఆరుతుందో చూసే పద్ధతీ ఉంది, కానీ చిన్న భాగాలు గుంపుగా ఉన్నచోట రోజిన్ చూపించినంత కచ్చితంగా అది చూపించదు. వేలు పెట్టి చూడొద్దు.

చుక్క పడింది కెపాసిటర్ మీదైతే నీ అదృష్టం బాగున్నట్టే. అవి చాలా చిన్నవి, 0201 సైజు అంటే 0.6 మిల్లీమీటర్ల పొడవు, 0.3 వెడల్పు. మైక్రోస్కోప్ లేకుండా ముట్టుకోవద్దనేది అందుకే. దాన్ని తియ్యడానికి బ్లోయర్ అక్కర్లేదు. రెండు కొసలకూ కొద్దిగా సీసం కలిసిన సోల్డర్ పెట్టి, సన్న మొన ఐరన్‌తో రెండూ ఒకేసారి కరిగేలా తాకితే మొనకు అంటుకుని వచ్చేస్తుంది. సీపీయూ పక్కనే ఉన్న కెపాసిటర్ అయితే ఐరన్ తప్ప ఇంకో మార్గం ఆలోచించకు. తీశాక మళ్లీ జీఆర్ చూడు. మూడొందలు, నాలుగొందలు వచ్చిందంటే షార్ట్ పోయింది. ఆ లైను మీద అలాంటివి ఇంకా చాలా ఉంటాయి కాబట్టి ఒక్కటి లేకపోయినా ఫోను లేస్తుంది, ఫోటోలు తీసుకోవచ్చు. ఫోను వాడకంలోకి రావాలంటే మాత్రం స్క్రాప్ బోర్డు నుంచి అదే విలువది తెచ్చి పెట్టు. ఊరికే వదిలెయ్యకు.

పీఏ మీద చుక్క పడితే బ్లోయర్ అవసరమవుతుంది. కానీ చూడు, పీఏ తీసేస్తే పోయేది నెట్‌వర్క్ మాత్రమే. సెట్టు లేస్తుంది, పిన్ అడుగుతుంది, ఫోటోలు వస్తాయి. స్పీకర్ ఆంప్లిఫయర్, ఫ్లాష్ డ్రైవర్ విషయంలోనూ అంతే. డేటా కోసం వచ్చిన సెట్టులో అన్నీ బాగుచెయ్యాల్సిన పనిలేదు, అడ్డం పడ్డదాన్ని తొలగిస్తే చాలు. నెట్‌వర్క్ సంగతి ఫోటోలు భద్రంగా వేరేచోట చేరాక, తీరుబడిగా చూసుకోవచ్చు.

పీఏ మీద బ్లోయర్ పెట్టేటప్పుడు సీపీయూ, మెమరీ ఉన్న షీల్డు మీద వేడి తట్టుకునే టేపు వేసి, దాని మీద అల్యూమినియం రేకు మడిచి పెట్టు. ఫ్లక్స్ వెయ్యి. బ్లోయర్ మీద కనిపించే 350 డిగ్రీలు ముక్కు దగ్గరి లెక్క, బోర్డు మీద అంత ఉండదు. అందుకని నంబరు పెంచుకుంటూ పోవద్దు, దగ్గరగా, నిదానంగా, గుండ్రంగా తిప్పుతూ వేడెక్కించు. ఐసీని పట్టకారుతో పీకకు. కొద్దిగా తాకిస్తే అది తనంతట తాను జరగాలి, అప్పుడే లేపాలి. కింద జిగురున్న ఐసీ అయితే నువ్వు ఆగిపో. అది స్క్రాప్ బోర్డుల మీద చెయ్యి బాగా తిరిగాక చెయ్యాల్సిన పని, అక్క కూతురి ఫోటోలున్న బోర్డు మీద నేర్చుకునేది కాదు.

షార్ట్ పోయాక డీసీ మెషిన్ నాలుగు వోల్టుల దగ్గర మళ్లీ పెట్టు. బటన్ నొక్కకముందు ముల్లు సున్నా దగ్గరే ఉండాలి. నొక్కాక పదుల మిల్లీఆంపియర్లతో మొదలై, వందల్లోకి ఎక్కుతూ దిగుతూ నాట్యం చేస్తుంటే అది బూట్ అవుతోంది. ఒకే అంకె దగ్గర బిగుసుకుపోతే సీపీయూకి కరెంటు అందుతోంది గానీ మెమరీ నుంచి ఏమీ చదవలేకపోతుండొచ్చు. అప్పుడు ఛార్జింగ్ బోర్డు తగిలించి కంప్యూటర్‌కి పెట్టు. పోర్టుల్లో క్వాల్‌కామ్ 9008 అని కనిపిస్తే సీపీయూ బతికే ఉంది. ఆ పేరు చూడగానే సాఫ్ట్‌వేర్ కొట్టేద్దామనిపిస్తుంది, కొట్టకు. ఇంకో రకం కూడా ఉంది: బటన్ నొక్కగానే ఆంపియర్ ఎగబాకి కట్ అవుతుంటే పవర్ ఐసీ తర్వాతి చిన్న లైన్లలో షార్ట్ ఉందేమో కాయిల్స్ దగ్గర కొలవాలి. సీపీయూ కోర్ కాయిల్ దగ్గర జీఆర్ పుట్టుకతోనే చాలా తక్కువ ఉంటుంది, మీటర్ బీప్ కూడా కొట్టొచ్చు. అది చూసి షార్ట్ అనుకుని సీపీయూ మీద కేసు రాసేసేవాళ్లు చాలామంది. అదే మోడల్ మంచి బోర్డులో ఎంత ఉందో చూస్తే గానీ ఆ లైను మీద మాట్లాడకూడదు.

సెట్టు లేచిందనుకుందాం. అప్పుడు ఫిట్టింగ్ గురించి ఆలోచించకు. డిస్‌ప్లే, ఛార్జింగ్ బోర్డు, మంచి బ్యాటరీ మాత్రం తగిలించి, బల్ల మీద పరిచి ఉంచే పిన్ కొట్టి, కేబుల్‌తో ఫోటోలన్నీ కంప్యూటర్‌కి లాగేయ్. పక్కన చిన్న ఫ్యాన్ పెట్టు. డీసీ మెషిన్ మీద నడిపిస్తే బ్యాటరీ టెంపరేచర్ పిన్నుకు రీడింగ్ అందక కొన్ని సెట్లు మధ్యలో ఆగిపోతాయి, అందుకే బ్యాటరీ అన్నాను. కాపీ అయిన ఫోల్డరు తెరిచి నాలుగైదు ఫోటోలు, వీడియోలు నిజంగా ఓపెన్ అవుతున్నాయో లేదో చూసుకున్నాకే మిగతా పని.

ఫోను తిరిగి బావకే ఇచ్చేటట్టయితే మూసేముందు ఒకటి మరిచిపోకు. షీల్డు విప్పినప్పుడు సీపీయూ మీద ఉన్న బూడిదరంగు థర్మల్ పేస్టు, షీల్డు మీది నల్లటి గ్రాఫైట్ షీటు. పాత పేస్టు తుడిచి కొత్తది పెట్టి, గ్రాఫైట్ షీటు చిరిగితే మార్చు. రిపేరు చేసిన చాలా ఫోన్లు మళ్లీ వేడెక్కుతున్నాయని తిరిగొచ్చేది ఇవి పెట్టక. ఛార్జరు, కేబుల్ కూడా తెప్పించుకుని చూడు. పరుపు మీద ఛార్జింగ్, అందులో హాట్‌స్పాట్ పెట్టి, ఇక వద్దని బావకి నువ్వే చెప్పు. మాట వినకపోతే అక్కతో చెప్పించు.

మైక్రోస్కోప్ లేదు, బోర్డు వ్యూ లేదు అనుకుంటే జీఆర్ కొలతల దాకా చేసి ఆపెయ్యి. అది సిగ్గుపడాల్సిన విషయం కాదు. ఆ కొలతలు కాగితం మీద రాసుకుని బోర్డు లెవెల్ పని చేసేవాళ్ల దగ్గరికి పో. హైదరాబాద్‌లో ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్ వైపు అలాంటివాళ్లు దొరుకుతారు. వెళ్లగానే మూడు మాటలు చెప్పు: బటన్ నొక్కకముందే కరెంటు లాగుతోంది, నాకు డేటా మాత్రమే కావాలి, నన్ను అడక్కుండా సీపీయూ మీద హీట్ కొట్టొద్దు. నీ ఎదురుగా మీటర్ పెట్టి కొలిచేవాడికి ఇవ్వు. కొలవకుండానే రేటు చెప్పేవాడికి ఇవ్వకు. ఫ్రిజ్‌లో పెడితే లేస్తుంది, బియ్యంలో పెడితే లేస్తుంది అనేవాళ్లుంటారు. ఫ్రిజ్‌లోంచి తీశాక బోర్డు మీద చెమ్మ పడుతుంది, ఇప్పుడున్న షార్ట్‌కి తోడు తుప్పు కూడా వస్తుంది.

రోజిన్ చుక్క పవర్ ఐసీ మీద పడితే మాత్రం ఏమీ పీకకుండా ఆగు. ముందు ఆ ఐసీ చుట్టూ ఉన్న కెపాసిటర్లను ఒక్కొక్కటిగా మైక్రోస్కోప్ కింద చూడు, దాని ఒళ్లోనే కూర్చున్న కెపాసిటర్ షార్ట్ అయినా వేడి ఐసీదే అనిపిస్తుంది. అయినా తేలకపోతే ఐసీ మీది నంబరు, దాని పక్కన ఉన్న ప్రతి కాయిల్ జీఆర్, వీబ్యాట్, మెయిన్ లైను ఓమ్స్ రాసి నాకు పంపు. పవర్ ఐసీ మార్చినా ఫోటోలకు ఢోకా లేదు, కానీ దాన్ని ఏ పక్కనుంచి వేడి చెయ్యాలో ఆ బోర్డు చూసి చెప్పాలి.